పోపుల డబ్బాలో మందులు

మందులు సర్దే పని నాకు అప్పగించింది నేను బాగా సర్దుతానని కాదు. మిగిలిన పనులన్నీ తలా ఒకటి తీసేసుకున్నాక అదొక్కటే మిగిలింది కాబట్టి. కామారెడ్డిలో పొద్దున్నే గ్రౌండులో నడిచే మా బ్యాచి, ఆ వానాకాలం చివర్లో, వీపున బ్యాగులు వేసుకుని ఎల్లారెడ్డి నుంచి పోచారం చెరువు దాకా నడవాలని నిర్ణయించుకుంది. తారురోడ్డు వదిలి కాలువ గట్ల మీదుగా, అడవి అంచు ఊళ్ళ మీదుగా, దారిలో రెండు రాత్రులు ఆగుతూ. వాట్సాప్ గ్రూపులో పనులు పంచారు. టెంట్లు ఒకరికి, వంట సామాను ఒకరికి, ఫొటోలు ఒకరికి. నాకు ఏ పనీ రాయలేదు. అడిగితే, గ్రూపు నడిపే పెద్దమనిషి, అందరూ అడ్మిన్ సారు అని పిలిచే రిటైర్డు ఉద్యోగి, "అరె, నిన్ను మర్శిపోయిన. మందుల సంచి నువ్వు పట్టుకోరాదమ్మా" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఆ మెసేజ్ నా ఫోనులో ఇప్పటికీ ఉంది. తీసేయలేదు.

అయినా ఆ పని నేను మనసు పెట్టి చేశాను. కారణం మా చెల్లెలు.

దాన్ని నస్రుల్లాబాద్‌లో ఇచ్చాం. దాని భర్త దుబాయిలో తాపీ పనికి పోయి చాలా ఏళ్ళయింది. చెల్లెలు అత్తతో కలిసి పొలం చూసుకుంటుంది. నాట్లు, కలుపు, కోతలు, మళ్ళీ నాట్లు. పెళ్ళయ్యాక తన సరదా కోసం ఊరు దాటిన మనిషి కాదు. ఒకసారి నా ఫోనులో మా బ్యాచి ఫొటోలు చూసి, "అక్కా, నన్ను గూడ ఒక్కసారి తీస్కపోవా?" అని అడిగింది. ఏనాడూ ఏదీ నోరు తెరిచి అడగనిది అలా అడిగేసరికి నేను సెలవు రోజు చూసుకుని నస్రుల్లాబాద్ పోయి వాళ్ళ అత్తను బతిమాలాను.

ఆమె వడ్లు చెరుగుతూ తల ఎత్తకుండానే అంది. "గుట్టల పొంటి చెట్ల పొంటి తిరుగుడేంది? పని లేనోళ్ళు తిరుగుతరు. దానికి గోలీలు పడయ్. ఎరికేనా నీకు?"

"ఎరికే అత్తమ్మా. మందుల సంచి నా దగ్గర్నే ఉంటది. నేను తీస్కపోతున్న, నేనే తీస్కొచ్చి నీకు అప్పజెప్త."

"అప్పజెప్తనంటున్నవ్. మాట మీదుండు మరి."

గోలీలు పడవు అంటే అన్నీ కాదు, ఒకటే. అంతకుముందు ఒక నాట్ల కాలంలో దానికి జ్వరం వచ్చింది. ఊళ్ళో సూదులూ మందులూ ఇచ్చే ఆయన రకరకాల గోలీలు కలిపి కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. మింగిన కాసేపటికే మొహం ఉబ్బి, కళ్ళు మూసుకుపోయి, గొంతు బిగుసుకుపోయింది. బాన్సువాడ దవాఖానకు తీసుకుపోయారు. పొట్లంలో ఉన్న నొప్పుల గోలీ దానికి పడలేదని, ఇంకోసారి అది కడుపులోకి పోతే ఇంతకంటే ఘోరంగా ఉంటుందని అక్కడి డాక్టరు చెప్పారు. నేను కబురు అంది పరుగెత్తి వెళ్ళేసరికి మంచం మీద ఉన్నది ఎవరో తెలియలేదు. మా చెల్లెలని పోల్చుకోవడానికి చేతి గాజులు చూడాల్సి వచ్చింది.

అందుకే మందుల షాపులో అంత పట్టుబట్టాను. మా దగ్గర షాపుల్లో గోలీల అట్టను కత్తెరతో కత్తిరించి మూడో నాలుగో చేతిలో పెడతారు. పేరున్న ముక్క ఒకరికి పోతుంది, తారీఖున్న ముక్క ఇంకొకరికి. మనకు దక్కేది ఏ రాతా లేని వెండి రేకు. నేను అన్నీ నిండు అట్టలే కావాలన్నాను. జ్వరానికి, వాంతులకు, విరేచనాలకు, కడుపులో మంటకు, దురదలకు. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు మా బ్యాచిలో సగం మంది ఉన్నారు కాబట్టి నొప్పులకు కూడా.

"నాలుగు నాలుగు సాల్తయి కదక్కా. గింతగనం ఏం జేస్కుంటవ్?" అన్నాడు షాపతను కత్తెర ఆడిస్తూ.

"కోస్తే పేరు పోతది. నాకు పేరు కావాలె."

"పేరుతోని జరం తగ్గదక్కా, గోలీతోని తగ్గుతది." పక్కన నిలబడ్డ వాళ్ళ వంక చూసి నవ్వాడు. వాళ్ళూ నవ్వారు. నిండు అట్టలే తీసుకున్నాను గానీ, ఇంటికి దగ్గరైనా ఆ షాపు మెట్లు నేను మళ్ళీ ఎక్కలేదు.

ఇంటికి వచ్చి ఒక్కో రకాన్ని ఒక్కో ప్లాస్టిక్ కవరులో పెట్టి, పైన స్కెచ్ పెన్నుతో దేనికో రాశాను. నొప్పుల గోలీలను ఎర్ర కవరులో చుట్టి, "చెల్లెకు వద్దు" అని రెండు వైపులా రాశాను. నీళ్ళల్లో కలుపుకునే ఉప్పు చక్కెర పొట్లాలు, దూది, బ్యాండేజీ, పుండ్ల మలాము అడుగున పెట్టాను. చెల్లెలు అప్పటికే నస్రుల్లాబాద్ నుంచి మా ఇంటికి వచ్చేసింది. నేను సర్దుతుంటే పక్కన కూర్చుని కొత్త బ్యాగు జిప్పులు తీస్తూ వేస్తూ ఉంది. దానికి ఆ బ్యాగే పెద్ద పండుగ.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం ఉమ్మడి సామాను అంతా అడ్మిన్ సారు ఇంట్లో పెట్టమన్నారు. బరువులు సమానంగా పంచడానికట. వరండాలో కాంటా వేలాడదీసి ఆయన ఒక్కో సంచీ తూకం వేస్తున్నాడు. ఆయన భార్యను అందరం వదినా అంటాం. వంట సామాను ఆమెది. ఆమె మీద నాకు అప్పటికే కోపం ఉంది, దాచను. ఒకసారి అందరం కలిసి తింటున్నప్పుడు నేను తెచ్చిన పులిహోర నోట్లో పెట్టుకుని, "ఆఫీసుల ముద్రలు గుద్దే చేతులకు తాలింపు ఏడొస్తది?" అంది. నేను ఎల్లారెడ్డిలో ఒక ఆఫీసులో చిన్న ఉద్యోగిని, రోజూ కామారెడ్డి నుంచి బస్సులో పోయి వస్తాను. ఆ రోజు నుంచి ఆమె నన్ను ఆఫీసు మేడం అనే పిలుస్తుంది.

"ఆఫీసు మేడం, గా మందులు ఇటియ్యి. నా బ్యాగుల జాగ ఉన్నది. నువ్వు మీ చెల్లెను సూస్కో పో."

"వద్దు వదినా, నా దగ్గర్నే ఉండనియ్యి. దాంట్ల ఒక ఎర్ర కవరున్నది, అది మా చెల్లెకు..."

"ఉమ్మడి సామానమ్మా అది. ఎవరికి ఏది రాసిన్నో అదే మొయ్యాలె. నీకు రెండు టెంట్లు రాసిన," అన్నాడు అడ్మిన్ సారు కాంటా మీంచి చూపు తిప్పకుండా.

"మరి ఎర్ర కవరు..."

"సదువు నాకు గూడ వచ్చమ్మా. సూస్త తియ్," అంది వదిన. సంచీ నా చేతిలోంచి ఆమె చేతిలోకి పోయింది.

మర్నాడు తెల్లవారగానే కామారెడ్డిలో బస్సెక్కి ఎల్లారెడ్డిలో దిగాం. బ్యాచిలో టైర్ల షాపు నడిపే అన్న ఒకాయన ఉన్నాడు, మంచి సరదా మనిషి. దారి పొడుగునా మిర్చి బజ్జీలు తిని, దిగీ దిగగానే బస్టాండు గోడ పట్టుకుని వాంతులు చేసుకున్నాడు. నేను వదిన దగ్గరికి పోయి వాంతుల గోలీ అడిగాను. ఆమె బ్యాగులోంచి ఒక గుండ్రటి స్టీలు డబ్బా తీసింది. పోపుల డబ్బా. మూత తీస్తే లోపల ఏడు గిన్నెలు. ఆవాలు, జీలకర్ర ఉండాల్సిన గిన్నెల్లో గోలీలు. విడి గోలీలు. ఒక్కదానికీ రేకు లేదు.

"ఇదేంది వదినా? అట్టలేవీ?"

"అట్టలు గిన్నెలల్ల పడతలేవు. అన్నీ ఒలిచి పెట్టిన. నీ సంచీల ఏది ఏడున్నదో ఎవ్వనికి దొరుకుతది? ఇట్లయితే మూత తియ్యంగనే కనవడతది. గిది జరం, గిది మోషన్లు, గిది నొప్పులు. నాకు యాదికున్నది."

"ఎర్ర కవరు?"

"కవర్లన్నీ ఇంటి కాడ్నే పారేసిన. అడవిల చెత్త చేస్తమా?"

చుట్టూ అందరూ "భలే ఐడియా" అన్నారు. టైర్ల షాపు అన్న నోరు కడుక్కుంటూ, "వదినా, నాకు ఒక చెంచెడు వాంతుల గోలీలు, చిటికెడు ఇంగువ," అన్నాడు. అంత బాధలో కూడా అందరూ నవ్వారు. చెల్లెలు కూడా నవ్వింది. ఏం జరిగిందో దానికి ఇంకా అర్థం కాలేదు.

నేను ఎల్లారెడ్డిలో మందుల షాపు తెరిచేదాకా ఆగుదామన్నాను. మళ్ళీ అన్నీ కొంటానన్నాను. అడ్మిన్ సారు వాచీ చూసుకుని ఎండ ఎక్కుతుందన్నాడు. నేను మళ్ళీ అన్నాను. ఆయన గొంతు పెంచాడు. "నువ్వు ఏ యాత్రల లొల్లి చెయ్యలేదు చెప్పు? నీకు నచ్చకపోతే బస్సు ఈడ్నే ఉన్నది."

నిజంగానే చెల్లెలి చెయ్యి పట్టుకుని కామారెడ్డి బస్సు వైపు నడిచాను. అది చెయ్యి విడిపించుకుంది. "అక్కా, నీకు దండం పెడ్త. నేను ఏ గోలీ మింగనే మింగ. పోదాం. మల్ల నన్నెవరు పంపుతరు?" దాని కళ్ళల్లో నీళ్ళు. అందరి ముందూ. నేను వెనక్కి తిరిగాను.

మొదటి రోజు బాగుంది. ఇది ఒప్పుకోకపోతే చెల్లెలికి అన్యాయం చేసినట్టవుతుంది. కాలువ నిండా నీళ్ళు, రెండు వైపులా పొట్ట మీదున్న వరి. రోజూ వరి చూసే మనిషే అయినా, అందులో తను పని చేయాల్సిన అవసరం లేదు కాబట్టి కాబోలు, ఆగి ఆగి చూసింది. "ఎవ్వలిదో గాని కలుపు మంచిగ తీసిన్రక్కా," అని ఎవరికో మార్కులేసింది. అందరికంటే ముందు నడిచింది. ఆ రాత్రి ఒక ఊరి బడి వరండాలో పడుకున్నాం.

రెండో రోజు బయల్దేరిన కాసేపటికే వాన పట్టుకుంది. తల దాచుకోవడానికి మోదుగు చెట్లు తప్ప ఏమీ లేవు. వాన వెలిసినా బట్టలు ఆరలేదు. ఎండ ఎక్కేవేళకు చెల్లెలు వెనకబడింది. నేను చెయ్యి పట్టుకుంటే కాలుతోంది. ఇంకొంత దూరం నడిచి ఒక బండరాయి మీద కూర్చుండిపోయింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

వదిన వెంటనే వచ్చింది. దుప్పటి కప్పింది. ఆమె మంచిది కాదని నేను ఎక్కడా అనలేదు, ఆమె ఎవరి మాటా వినదని అంటున్నాను. పోపుల డబ్బా తీసి మూత తెరిచింది. తెరిచి అలాగే ఉండిపోయింది.

రెండు రోజులు బ్యాగులో డబ్బా నిలువుగా పడి ఊగింది. గోలీలన్నీ గిన్నెలు దాటి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఒకటి రెండు గులాబీ రంగువి తప్ప అన్నీ తెల్లవే. ఆ తెల్లవి కూడా తెల్లగా లేవు. డబ్బా మడతల్లో మిగిలిన పసుపు చెమ్మకు పట్టి సగానికి పైగా పచ్చబడ్డాయి. జీలకర్ర వాసన వస్తున్నాయి.

"ఏం కాదు," అంది వదిన ఒక గోలీ రెండు వేళ్ళతో ఎత్తి. "గిదే జరం గోలి. నడుమ గీత ఉంటది."

"గీత నొప్పుల గోలీకి గూడ ఉంటది వదినా."

"నొప్పుల గోలి ఇంకింత పెద్దగుంటది."

"లేదు, గదే చిన్నగుంటది," అన్నాడు టైర్ల షాపు అన్న. ఆయన నవ్వడం లేదిప్పుడు. అడ్మిన్ సారు కళ్ళద్దాలు పెట్టుకుని ఇంకో గోలీ ఎత్తి, జ్వరం గోలీ అది కాదు ఇది అన్నాడు. తలా ఒక గోలీ పట్టుకున్నారు. ఎవరి చేతిలో ఉన్నది వాళ్ళకు జ్వరం గోలీయే.

నేను డబ్బా మూత వేసేశాను. "నా చెల్లెకు ఒక్కటి గూడ ఇయ్యొద్దు. తడి గుడ్డ వేద్దాం. దవాఖానకు తీస్కపోదాం."

"జరానికి దవాఖానా? మొండితనానికి గూడ అంతు ఉండాలమ్మా," అన్నాడు అడ్మిన్ సారు. "పిల్ల కాలిపోతున్నది. నీ పంతం గెలువాల్నని దాన్ని సంపుకుంటవా?"

ఆ మాట ఆయన అందరి ముందూ అన్నాడు. నేను నా రుమాలు తడిపి చెల్లెలి నుదుటి మీద వేసి, చెవి దగ్గర చెప్పాను. "ఎవలేమిచ్చినా మింగకు. నేను గా గుట్ట మీద సిగ్నల్ చూసి అంబులెన్సుకు ఫోన్ చేసి వస్త." అది తల ఊపింది. ఆ తల ఊపడంలో వినడం ఎంతుందో, చలి ఎంతుందో నాకు తెలియలేదు.

గుట్ట దగ్గరగా కనపడింది కానీ దగ్గర కాదు. రాళ్ళు జారాయి, రెండుసార్లు పడ్డాను. పైన ఒక్క గీత సిగ్నల్ వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. అంబులెన్సు వాళ్ళు ఎక్కడ అంటే చెప్పడానికి నాకు ఊరి పేరు తెలియదు. కాలువ అన్నాను, గుట్ట అన్నాను, కింద కనపడుతున్న గుడి రంగు చెప్పాను. అవతలి మనిషికి ఓపిక ఉంది. తారురోడ్డు దాకా తెచ్చి అక్కడ ఉండమన్నాడు. బండి బయల్దేరిందన్నాడు.

నేను దిగి వచ్చేసరికి అందరూ నిలబడి ఉన్నారు. ఎవరూ నా మొహం వంక చూడడం లేదు. చెల్లెలు అరచేతులు గీరుకుంటోంది. ఆగకుండా, బియ్యం కడిగినట్టు గీరుకుంటోంది.

"ఏమిచ్చిన్రు?"

వదిన చేతిలో నీళ్ళ సీసా ఉంది. "ఓర్వలేక అడిగిందమ్మా. అక్కా అక్కా అని మూలుగుతున్నది. ఎంతసేపని చూస్త? జరం గోలే ఇచ్చిన. నా పిల్లలైతే గూడ గదే ఇచ్చేదాన్ని."

చెల్లెలి పై పెదవి ఒక పక్క లేచింది. తర్వాత రెండో పక్క. నేను ఈ మొహాన్ని ఇంతకుముందు చూశాను, ఇది ఎటు పోతుందో నాకు తెలుసు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు అది మెడ పట్టుకుంది. "అక్కా, గొంతు... గొంతు..." అంది. మిగతా మాట రాలేదు.

అలర్జీకి గోలీ నేను కొన్నాను. నా చేత్తో కవరు మీద "దురదలకు" అని రాశాను. అది ఆ డబ్బాలోనే ఉంది. నేను డబ్బాను దుప్పటి మీద బోర్లించాను. గోలీలన్నీ కుప్పగా పడ్డాయి. మోకాళ్ళ మీద కూర్చుని చిన్నవి ఒక పక్కకు, పెద్దవి ఒక పక్కకు ఏరాను. చిన్నవాటిలో రెండు రకాలు తేలాయి. మూడేమో కూడా. ఏది దాన్ని బతికిస్తుందో, ఏది ఇంకా లోపలికి తోస్తుందో తెలియదు. ఏరినవి మళ్ళీ కలిసిపోయాయి. అంత మంది మనుషులం, అన్ని మందులు, ఒక్కటీ వాడుకోవడానికి లేదు. దేవుణ్ణి తిట్టాను. వదినను తిట్టాను. ఏమన్నానో నాకు గుర్తుంది, ఇక్కడ రాయను.

కాలువ గట్టు మీద మేకలు తోలుకుపోతున్న ఆయన మా అరుపులు విని గట్టు కింద ఉన్న తన బైకు తెచ్చాడు. చెల్లెల్ని నడుమ కూర్చోబెట్టి వెనక నేను కూర్చున్నాను. దాని తల నా భుజం మీద వేలాడుతోంది. ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు సన్నటి చప్పుడు వస్తోంది. బైకు గుంతల్లో ఎగిరినప్పుడల్లా ఆ చప్పుడు ఆగేది. ఆగిన ప్రతిసారీ నేను, "తియ్యి, ఊపిరి తియ్యి చెల్లే, తియ్యవే" అని దాని వీపు మీద కొట్టాను. "అవ్వా, గట్టిగ పట్టుకో, రోడ్డు వచ్చింది," అంటున్నాడు బైకు ఆయన. నేను ఆయనకు అవ్వనయ్యే వయసు దాన్ని కాను. ఆ కాసేపట్లో అలా కనపడ్డానేమో.

తారురోడ్డు మీద అంబులెన్సు నిలబడి ఉంది. జ్వరానికి దవాఖానా అన్న ఆయన మాట విని ఉంటే అది అక్కడ ఉండేది కాదు. ఆక్సిజన్ పెట్టి ఎల్లారెడ్డి దవాఖానకు తీసుకుపోయారు. లోపలికి పోగానే తొడలో సూది వేశారు. తర్వాత చేతికి ఇంకొకటి. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. చెల్లెలి నాడి పట్టుకుని, నా వంక చూడకుండా అడిగారు. "ఏం గోలి మింగింది?"

నాకు తెలియదు. రోజూ ఆ దవాఖాన ముందు నుంచి ఆఫీసుకు నడిచే దాన్ని, ఎప్పుడూ ఏ కాగితమూ పారేయని దాన్ని, నిండు అట్టలు కొన్న దాన్ని, ఆ ఒక్క ప్రశ్నకు జవాబు లేకుండా నిలబడ్డాను. ఈ ఒక్కదానికి నేను వదినను క్షమించను.

కాసేపటికి వదినా అడ్మిన్ సారూ ఏదో ఆటోలో వచ్చారు. వదిన పోపుల డబ్బా కొంగులో చుట్టుకుని తెచ్చింది. డాక్టరమ్మ మూత తీశారు. వాసన చూశారు. "వీటితోని పోపు పెడ్తరా?"

"పోపు సామాను గాదు మేడం, గోలీలు..." అని మొదలుపెట్టి వదిన ఆగిపోయింది. డాక్టరమ్మ గిన్నెల్లో వేలు పెట్టి కదిపి, మూత వేసి బల్ల కిందికి తోసేశారు. ఇప్పటికి వాపు ఆగిందన్నారు. కానీ మళ్ళీ లేవొచ్చు, సాయంత్రం దాకా కదలడానికి లేదు, నీళ్ళు కూడా అడిగి ఇవ్వండి అన్నారు.

నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. చెల్లెలి కళ్ళు సన్నటి గీతల్లా ఉన్నాయి. రొమ్ము లేస్తోంది, పడుతోంది. పడినప్పుడల్లా మళ్ళీ లేచేదాకా నేను నా ఊపిరి పట్టుకున్నాను. అడ్మిన్ సారు తలుపు దగ్గర నిలబడి, "దేవుని దయ. గండం గడిచింది," అన్నాడు. "మీరు బయట కూసోండ్రి సార్," అన్నాను. ఆయన బయటికి పోయాడు.

అప్పుడు నా ఫోను మోగింది. నస్రుల్లాబాద్ అత్తమ్మ. మొదటిసారి ఎత్తలేదు. ఆగి మళ్ళీ మోగింది. మూడోసారి ఎత్తాను.

"పొద్దటి సంది చేస్తున్న, కలుస్తలేదు. నా కోడలేది?"

"ఇక్కడ్నే ఉన్నది అత్తమ్మా."

"ఏడ?"

"ఎల్లారెడ్డిల."

"చెరువు కాడికి పోతమంటిరి, ఎల్లారెడ్డిల ఏం జేస్తున్రు? దానికియ్యి ఫోను."

"పండుకున్నది."

"పట్టపగలు అది పండుకునుడేంది? నా ఇంట్ల ఏనాడన్న పండుకున్నదా? లేపు. గొంతు వింట, గంతే."

ఆ ముసలామె మీద కూడా నాకు ఎన్నో ఫిర్యాదులు ఉండేవి. చెల్లెల్ని పుట్టింటికి పంపదని, పండుగకు కొత్త చీర కొనదని. ఆ ఫోనులో ఆమె గొంతు వణుకుతుంటే ఏ ఒక్కటీ నోటికి రాలేదు. అబద్ధం చెప్పడానికి లేదు, నిజం చెప్పడానికి ధైర్యం లేదు. "అత్తమ్మా, జర ఆగు," అన్నాను. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను. అవతల ఆమె కూడా పెట్టేయలేదు. ఆమె ఊపిరి నాకు వినపడుతోంది.

మంచం మీద చెల్లెలు కదిలింది. కళ్ళు తెరవలేదు. చెయ్యి లేపి నీళ్ళు అన్నట్టు వేళ్ళు కదిపింది. సీసా నా దగ్గర లేదు. తలుపు పక్కన నిలబడ్డ వదిన చేతిలో ఉంది. ఆమె లోపలికి రావాలా వద్దా అన్నట్టు నా వంక చూసింది. నేను రమ్మనలేదు, పొమ్మనలేదు. నర్సును పిలిచాను. నర్సు వచ్చి గొంతు చూసి, "ఒక్క గుక్క, గంతే" అంది. వదిన దగ్గర సీసా తీసుకుని నేనే తాగించాను.

నీళ్ళు నోట్లో నిలిచాయి. పెదవి మూల నుంచి కొన్ని కారాయి. అది మింగడానికి మెడ కండరాలన్నీ బిగించింది. దిగలేదు. మళ్ళీ ప్రయత్నించింది. గొంతు పైకి లేచి ఒక్క క్షణం అక్కడే ఆగి, కిందికి దిగింది. దగ్గు రాలేదు.

ఫోను దాని చెవికి ఆనించాను.

"అత్తమ్మా," అంది. గరగరలాడే గొంతు, నాకే కొత్తగా వినపడింది.

అవతల నుంచి ఆమె ఏమందో నాకు వినపడలేదు. చెల్లెలు చాలాసేపు విని, కళ్ళు తెరవకుండానే, "ఆఁ, ఉన్న," అంది.